డాబా మీద తోట వేస్తే ఇల్లు నిజంగా చల్లబడుతుందా?

చల్లబడుతుంది, ముఖ్యంగా పై అంతస్తు. విజయవాడలో ఎండాకాలం అసలు బాధ రాత్రిపూటే. పొద్దంతా కాగిన శ్లాబు ఆ వేడిని రాత్రి గదుల్లోకి వదులుతుంది. పదింటికి ఫ్యాను వేసినా వేడిగాలే దిగుతుంది. పైన మట్టి, ఆకులు పరుచుకుని ఉంటే ఎండ శ్లాబుకు నేరుగా తగలదు. తడి మట్టి నుంచి, ఆకుల నుంచి నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. ఎండకు వ్యాకోచించి, రాత్రికి సంకోచించే ఒత్తిడి తగ్గి శ్లాబు కూడా ఎక్కువకాలం మన్నుతుంది. వాన నీళ్లు కొంత మట్టిలో ఆగి, మెల్లగా కాలవలోకి వెళ్తాయి. (బుడమేరు వరదను ఆపేంత కాదు లెండి.)

అసలు చూసుకోవాల్సింది బరువు. ఉదాహరణకు సత్యనారాయణపురంలో ఓ డాబా మీద 10 సెంటీమీటర్ల మందాన మామూలు మట్టి పోశారనుకోండి. తడిస్తే చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోలు తూగుతుంది. మనుషులు తిరిగే డాబాకు డిజైన్‌లో సాధారణంగా లెక్కించే అదనపు భారం చదరపు మీటరుకు 150 కిలోలే! అందుకే కొబ్బరిపొట్టు, కంపోస్టు ఎక్కువ కలిపి, గంగపావిలి కూర లాంటి లోతుకు పోని వేర్ల మొక్కలు వేస్తారు. పాత ఇల్లయితే ఇంజనీరుకు చూపించాకే మొదలుపెట్టాలి.

మొక్కలు పెడితే శ్లాబు నెమ్మెక్కుతుందని చాలామంది భయం. నెమ్ముకు కారణం మొక్కలు కావు, నిలిచిపోయిన నీళ్లు. వాటర్‌ప్రూఫింగ్, దాని మీద వేర్లను ఆపే షీటు, నీళ్లు పోయే వాలు ఉంటే ఆ టెన్షన్ అక్కర్లేదు. నాలుగు మూలలా నాలుగు కుండీలు పెడితే మాత్రం చల్లదనం రాదు. మధ్యలో శ్లాబు ఎండకు అలాగే కాగుతుంది.