క్లాసులో కులం పేరుతో లేపి నిలబెట్టడం ముందు ఆపించండి

మా ఇంజనీరింగ్ కాలేజీలో అన్ని నేపథ్యాల వాళ్లూ సమానంగా మెలగాలంటే స్టూడెంట్ కౌన్సిల్ తరఫున ఏం చేయాలి, కల్చరల్ డే పెడితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. పెట్టుకోండి, కాదనను. కానీ అంతకంటే ముందు మీ కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్ పని ఎలా నడుస్తోందో వెళ్లి చూడండి. అసలు రోగం అక్కడుంది.

రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో నేను గుంటూరు వైపు ఒక ప్రైవేటు కాలేజీలో ఈసీఈ చదివాను. సెకండియర్‌లో ఒకరోజు మ్యాథ్స్ క్లాసు నడుస్తుంటే అటెండర్ కాగితం పట్టుకుని వచ్చాడు. సార్ అది చూసి "ఎస్సీ, ఎస్టీ వాళ్లు లేవండి, స్కాలర్‌షిప్ రెన్యువల్‌కి లెక్క కావాలంట" అన్నారు. ఎవరూ లేవలేదు. "త్వరగా లేవండి, నాకు సిలబస్ ఉంది" అని గట్టిగా అన్నాక ఒక్కొక్కరే లేచారు. నా పక్కన కూర్చునే అబ్బాయి అందరికంటే ఆఖరున లేచాడు, చేతిలో పెన్ను మూత తీయడం, పెట్టడం, మళ్లీ తీయడం. సార్ సుద్దముక్కతో చూపిస్తూ లెక్కపెట్టి బోర్డు మూల "ఎస్సీ 9, ఎస్టీ 2" అని రాసి, అటెండర్ మళ్లీ వస్తాడు, చెరపొద్దు అన్నారు. తర్వాతి పీరియడ్‌కి వచ్చిన మేడమ్ ఆ అంకెలు అలాగే ఉంచి, మిగిలిన చోట సర్క్యూట్ గీసి పాఠం చెప్పారు.

అప్పటిదాకా నా పక్కన కూర్చునే ఆ అబ్బాయి కులం కనుక్కోవాలని హాస్టల్లో కొందరు నానా తంటాలూ పడ్డారు. ఇంటిపేరేంటి, ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు, ఎంసెట్‌లో ర్యాంకెంత... మన దగ్గర కులం సూటిగా అడగరు కదా, ఇవే అడుగుతారు. వాడు ఏదో ఒకటి చెప్పి దాటేసేవాడు. దాన్ని ఆఫీసు రెండు నిమిషాల్లో క్లాసు మొత్తానికీ చెప్పేసింది. ఆ తర్వాత ల్యాబ్‌లో వాడి బ్యాచ్ వాళ్లు రీడింగులు తీసేటప్పుడు పిలవడం మానేశారు, రికార్డు రాసిపెట్టడానికి మాత్రం వాడు కావాలి. మెస్‌లో ఒకడు "మీకేంట్రా, ఫీజు లేదు, ర్యాంకు అక్కర్లేదు" అన్నాడు. ఆ అన్నవాడిదీ ఫీజు రీయింబర్స్‌మెంట్ సీటే! బీసీలకూ, ఈబీసీలకూ ప్రభుత్వమే కట్టేది, ర్యాంకు 10,000 లోపు ఉంటే మొత్తం ఫీజు, దాటితే 35,000 రూపాయల వరకు. వాళ్లనెవరూ లేపలేదు, బోర్డు మీద రాయలేదు. అందరి డబ్బూ ఒకే ఖజానా నుంచి వస్తుంటే నిలబడాల్సింది కొందరేనా? తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇలా చేయకూడదని రాతలోనే ఉంది, చాలామందికి తెలియదు అంతే. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2012లో తెచ్చిన సమానత్వ నిబంధనల్లో విద్యార్థుల కులం, తెగ, మతం, ప్రాంతం క్లాసులో బయటపెట్టకూడదని, రిజర్వేషన్ వాళ్లు అని ముద్ర వేయకూడదని, మార్కులు తగ్గితే కులాన్ని ఎత్తిచూపి మాట్లాడకూడదని స్పష్టంగా రాశారు. కాలేజీలో సమాన అవకాశాల సెల్ ఉండాలి, వివక్ష ఫిర్యాదులు చూడటానికి ఒక అధికారి ఉండాలి అని కూడా ఉంది. రాస్తే ఏం లాభం? 2016లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల, 2019లో ముంబైలో పీజీ చదువుతున్న డాక్టర్ పాయల్ తడ్వి కుల వివక్ష ఆరోపణల మధ్య ఆత్మహత్య చేసుకుని చనిపోయారు, ఇద్దరి తల్లులూ ఆ నిబంధనలు అమలు చేయించండని సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. కన్నబిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు చెబితే తప్ప కదలని వ్యవస్థ మనది.

కల్చరల్ డే మాట ఎత్తారు కాబట్టి అదీ చెప్తాను. మా కాలేజీలో ఒక ఏడాది స్టేజీ మీద గిరిజనుల థింసా నృత్యం ఆడించారు, చీరలు అద్దెకు తెచ్చి, రెండు వారాలు ప్రాక్టీస్ చేయించి. అదే వారంలో పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక గిరిజన జూనియర్, ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ రాలేదని హాల్ టికెట్ ఆపేస్తే అకౌంట్స్ సెక్షన్ కిటికీ దగ్గర పడిగాపులు కాస్తున్నాడు. ప్రభుత్వం కట్టకపోతే పిల్లాడేం చేస్తాడు? వాళ్ల నాన్నకి ఫోన్ చేసి అప్పు తెమ్మంటారు. గిరిజన నృత్యానికి చప్పట్లు కొట్టి గిరిజన విద్యార్థిని కిటికీ దగ్గర నిలబెట్టే కాలేజీలో సమానత్వం గురించి ఎన్ని పోస్టర్లు అంటించినా దండగే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి ఫ్రెషర్స్ రోజున మైకు ఇచ్చి ఇంగ్లిష్‌లోనే పరిచయం చేసుకోమనడం ఇంకో దుర్మార్గం, అది రాయాలంటే ఇంకో జవాబు అవుతుంది.

మీరు చేయాల్సింది ఇదీ. సోమవారం ఆఫీసుకి వెళ్లి వివక్ష ఫిర్యాదులు చూసే అధికారి ఎవరు, నంబరెంత అని అడగండి. నీళ్లు నమిలితే ఆ 2012 నిబంధనల కాపీ జతచేసి ప్రిన్సిపాల్‌కి అర్జీ ఇవ్వండి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. రెన్యువల్ సమాచారం ఎవరిది వాళ్ల ఫోన్‌కే మెసేజ్‌గా పంపాలని, రీయింబర్స్‌మెంట్ బకాయి పేరుతో హాల్ టికెట్ ఆపొద్దని అందులో రాయండి. ఒక్కరే వెళ్లొద్దు, ఇంటర్నల్ మార్కులు వాళ్ల చేతిలో ఉంటాయి. అన్ని బ్రాంచీల వాళ్లూ సంతకాలు పెట్టండి, మొదటి సంతకాలు మాత్రం ఎప్పుడూ లేచి నిలబడాల్సిన అవసరం రానివాళ్లవి ఉండాలి.