పెరడు నిండింది, గోడ మాత్రం లేవలేదు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నా వయసు 34. మా ఆయన విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తారు, నెలకు రెండుసార్లు వస్తారు. ఇంట్లో నేను, అత్తగారు, నాలుగేళ్ల బాబు ఉంటాం. 2018లో తిత్లీ తుపానుకు పెంకులు లేచిపోయాక రేకులు వేసుకుని నెట్టుకొస్తున్నాం. ఒక గది, వంటిల్లు, మోకాళ్ల నొప్పులతో బాధపడే అత్తగారికి లోపలే బాత్రూమ్ కట్టుకోవాలని రెండున్నర లక్షలు కూడబెట్టాం. అంతా ఆయన జీతంలోంచే. నా వంతుగా కొంతైనా ఖర్చు తగ్గిద్దామనుకున్నాను. పాతపట్నంలో మా పెద్దమ్మ వాళ్లు పాత ఇల్లు పడగొడుతూ తలుపులు, కిటికీలు ఊరికే ఇచ్చారు. ఆ తర్వాత ఎవరు ఏమిస్తానన్నా కాదనలేకపోయాను. సిమెంటు రేకులు, కమోడ్, మూడు రంగుల టైల్స్, మూడు బస్తాల సిమెంటు, వైరు చుట్టలు పెరడంతా నిండిపోయాయి. ఏడాది దాటినా గోడ లేవలేదు. కిందటిసారి మా ఆయన "ఇది ఇల్లా, పాత ఇనప కొట్టా?" అని అన్నం తినకుండా బస్సెక్కేశారు. మా తమ్ముడు నలుగురిలో "ఊరికే వస్తే మా అక్క ఫినాయిలైనా తాగేస్తుంది" అన్నాడు. కళ్ల ముందు ఊరికే వస్తుంటే ఎలా వదులుకోను? పెద్దవాళ్లు ప్రేమగా ఇస్తుంటే వద్దంటే బాధపడరా?

జవాబు: అమ్మా, ముందు ఆ ఫినాయిల్ మాట మనసులోంచి తీసేయండి. మీది కక్కుర్తి కాదు. ఒక్క రాత్రిలో ఇంటి కప్పు పోగొట్టుకున్న మనిషి చెక్కముక్కను కూడా పారేయలేదు. "అంతా ఆయన జీతంలోంచే, నా వంతుగా" అని రాశారు చూడండి, నాకు మీ బాధ అక్కడే కనిపించింది. చేతిలో సొంత డబ్బు లేని ఇల్లాలికి ఊరికే వచ్చిన తలుపు తన సంపాదనలా అనిపిస్తుంది. ఆటోలోంచి దాన్ని దించినప్పుడల్లా ఇల్లు ఒక మెట్టు పైకి లేచినట్టు ఉంటుంది. నిజానికి లేచింది పెరట్లో కుప్ప. ఈ చిన్న సంతోషం వల్లే అసలు పని వెనక్కి పోతోంది, అందుకే దీన్ని ఆపమంటున్నాను.

ఆ కిటికీల లెక్క ఒకసారి వేయండి. పాతపట్నం పక్కనే అయినా ఆటో కిరాయి ఇచ్చారు. ఎత్తి దించడానికి ఇద్దరికి కూలి ఇచ్చారు. పాత మేకులు పీకి, రంగు గీకి, బందులు మార్చి, రెక్కలు సరిచేయడానికి వడ్రంగికి ఎన్ని రోజుల కూలి అవుతుందో అడిగారా? ఒక్కో కిటికీ ఒక్కో కొలత అయితే తాపీమేస్త్రీ ప్రతి గోడ దగ్గరా ఆగి, ఆ చట్రాన్ని బట్టి ఇటుక కొట్టుకోవాలి. ఆ ఆలస్యానికీ మీరే కూలి కట్టాలి.

డబ్బు కంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మనకు కావలసిన ఇల్లు పోయి, దొరికిన సామానుకు సరిపడే ఇల్లు తయారవుతుంది. పెద్దమ్మగారిచ్చిన తలుపుల్లో ఒకటి బాత్రూమ్‌కి పెడదామని మీ మనసులో ఉండే ఉంటుంది. పాత ఇళ్లలో స్నానాల గది తలుపు చాలాసార్లు రెండడుగులే ఉంటుంది. మీ అత్తగారు రేపు చేతికర్రతో, ఎల్లుండి మీ భుజం పట్టుకుని లోపలికి వెళ్లాలి. అందులో ఇద్దరు ఎలా పడతారు? కమోడ్ కూడా అంతే. నీళ్లు పోయే గొట్టం కొన్నింటికి కింద నేలలోకి, కొన్నింటికి వెనక గోడలోకి ఉంటుంది. పైపులు ఎటు వేయాలో మేస్త్రీ చెప్పాలి కానీ, ఊరికే వచ్చిన కమోడ్ చెప్పకూడదు.

ఇక నాకు టెన్షన్ పెట్టిన విషయాలు. పాత సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ నార కలిసి ఉంటుంది. అది కంటికి కనపడనంత సన్నటి దుమ్ముగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తే, ఎన్నో ఏళ్ల తర్వాత క్యాన్సర్ దాకా తేవచ్చు. ఆస్‌బెస్టాస్ ఏ రకమైనా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి వాటిని కోయించొద్దు, కన్నాలు వేయించొద్దు, పగలగొట్టించొద్దు. కదపాల్సి వస్తే నీళ్లతో తడిపి, ముక్కు కట్టుకుని కదపమనండి. విరిగిన చోట చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను మూటకట్టి పారేయండి.

తలుపుల రంగు సంగతీ ఇలాంటిదే. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని పది లక్షల వంతుల్లో 90కి మించనివ్వకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఎక్కువే ఉండొచ్చు. పెచ్చులూడే ఆ తలుపుల పక్కన మీ నాలుగేళ్ల బాబు ఆడుకుంటాడు, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటాడు. సీసం దెబ్బ ముందుగా తగిలేది పిల్లల మెదడుకే. ఆ రంగు ఇంటి దగ్గర గరుకు కాగితంతో గీకించకండి.

మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్ష చేయకుండా వాడకూడదంటారు. మీ బస్తాలను ఒత్తి చూడండి. లోపల రాయిలా గడ్డలు తగిలితే గోడకూ స్లాబుకూ దాన్ని దగ్గరకు రానివ్వొద్దు. వైరును వేలికి చుట్టి చూడండి, పై తొడుగు పెళుసుగా చిట్లితే అది ఇనప కొట్టుకే. అది గోడలో పెట్టించుకుంటే ఒకరోజు షాక్ కొట్టొచ్చు. కమోడ్‌లో వాన నీళ్లు నిలిస్తే వారం, పది రోజుల్లో దోమలు పుట్టుకొస్తాయి. చీకట్లో అత్తగారు ఆ కుప్పల పక్కనుంచే దొడ్డికి వెళ్తున్నారు కదా, ఆ సామాను సందుల్లో పాములు, తేళ్లు చేరతాయని మీకు నేను చెప్పక్కర్లేదు.

అన్నీ పారేయమని నా ఉద్దేశం కాదు. టేకు ద్వారబంధం ఉంటే ఉంచుకోండి. కాకపోతే గడప వైపు అడుగుభాగంలో స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. గట్టి కర్ర మొనను ఆపేస్తుంది. పుచ్చిన కర్రలో మొన మెత్తగా దిగిపోతుంది, చెదలు పట్టి ఉంటే పొడి రాలుతుంది. మా నాన్నగారి ఇంట్లో నునుపుగా, నిగనిగలాడుతూ కనిపించిన పాత గుమ్మం ఒకటి పెట్టించారు. రెండేళ్లకే పక్కనున్న కొత్త కిటికీకి కూడా చెదలు పట్టాయి. అమ్మ దాన్ని తలచుకుని చాలాకాలం బాధపడింది.

పెద్దవాళ్ల మాట. వద్దంటే బాధపడతారని మీ భయం. మీరు తెచ్చుకున్న తలుపు ఏడాదిగా వానకు తడుస్తోందని పెద్దమ్మగారు చూస్తే అంతకంటే ఎక్కువ బాధపడరూ? ఈసారి ఎవరైనా "డబ్బులెందుకే దండగ, పట్టుకుపో" అంటే ఇలా చెప్పండి: "మేస్త్రీ కొలతలు రాసిచ్చాడు పెద్దమ్మా. దానికి సరిపడేది ఉంటే నేనే వచ్చి అడిగి తీసుకెళ్తాను. ఈలోగా ఎవరికైనా పనికొస్తే ఇచ్చేయండి." ఇందులో అబద్ధం లేదు, అమర్యాదా లేదు. అయితే ఈ మాట అనాలంటే ముందు మీ చేతిలో కొలతల కాగితం ఉండాలి. మేస్త్రీని పిలిచి బాత్రూమ్ వరకైనా రాయించండి. కాగితంలో లేనిది గేటు దాటి లోపలికి రాకూడదు, అది బంగారమే అయినా సరే.

మీ ఆయన వచ్చినప్పుడు, ఆయన నోరు తెరవకముందే మీరే పెరట్లోకి తీసుకెళ్లండి. సుద్దముక్క ఆయన చేతికిచ్చి, ఉంచాల్సిన వాటికి గీత పెట్టమనండి. గీత పడనివి మీ ఇద్దరూ ఉండగానే వెళ్లిపోవాలి. రేకులు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, మునిసిపాలిటీలో అడిగి వాళ్లు చెప్పిన చోటికి పంపండి. "నా వంతుగా ఏదైనా చేయాలనుకున్నాను" అని నాకు రాసిన మాట ఆయనకు కూడా చెప్పండి. ఆయన ఈ ఉత్తరం చదివితే నేను అనేది ఒక్కటే: బాబూ, నెలలో ఇరవై ఐదు రోజులు ఆ ఇంటిని ఒంటిచేత్తో నడిపేది ఆమె. అన్నం ముందు నుంచి లేచిపోవడం తప్పు. ఈసారి వచ్చినప్పుడు ఆ మాట మీరే ముందు ఒప్పుకోండి.

మీ వంతు ఏమిటో కూడా చెబుతాను. పని మొదలయ్యాక రోజూ సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం, కట్టిన గోడకు వేళకు నీళ్లు కొట్టించడం, కూలి లెక్క రాయడం. ఇవి దగ్గరుండి చూసే మనిషి ఉంటే మిగిలే డబ్బు, ఏ పాత కిటికీతోనూ మిగలదు. రెండున్నర లక్షల్లో అన్నీ ఒకేసారి కావాలని పట్టుబట్టకండి. ముందు అత్తగారి బాత్రూమ్ మొదలుపెట్టించండి. తలుపు వెడల్పు మూడడుగులకు తగ్గనివ్వకండి, లోపల గోడకు పట్టుకోవడానికి ఒక స్టీలు కడ్డీ బిగించమనండి. పునాది తీసిన రోజు నాకో ఉత్తరం రాయండి.