టీసీ తీసుకోమంటే తీసుకోనక్కర్లేదు

ప్రశ్న: మా అన్నయ్య కొడుక్కి ఏడేళ్లు. వాళ్లమ్మ వాడి కళ్లెదుటే చనిపోయింది. అన్నయ్య జైల్లో ఉన్నాడు. ఏడాదిగా పిల్లాడు మా దగ్గరే ఉంటూ ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి చదువుతున్నాడు. ఎవరైనా గట్టిగా అరిస్తే బెంచీ కిందకు దూరిపోతాడు, పక్క పిల్లల్ని కొరుకుతాడు. రోజూ గది బయట నిలబెడుతున్నారు. ఇప్పుడు టీసీ తీసుకెళ్లమంటున్నారు. నేను కోర్టు నియమించిన గార్డియన్‌ని కాను. అడిగే హక్కు నాకుందా?
– ఒక మేనత్త, పల్నాడు జిల్లా

జవాబు: ఉందమ్మా. ముందుగా ఒక్క మాట: టీసీ మీరే అడిగినట్టు రాసిన ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. పెడితే 'వాళ్లే తీసుకెళ్లారు' అంటారు. ఆ తర్వాత వాదించడం చాలా కష్టం.

విద్యాహక్కు చట్టం, 2009లోని సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదు. 2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేసే వీలిచ్చింది గానీ తీసేసే వీలివ్వలేదు. ప్రైవేటు బళ్లకూ ఇదే వర్తిస్తుంది. మైనారిటీ సంస్థ నడిపే బడికి మాత్రం 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో ఈ చట్టం వర్తించదు. మీ బడి అలాంటిదేమో కనుక్కోండి.

గార్డియన్ గురించి టెన్షన్ వద్దు. ఈ చట్టంలో బిడ్డ ఎవరి సంరక్షణలో ఉంటే వాళ్లూ గార్డియనే. పైగా సెక్షన్ 32 కింద ఫిర్యాదు ఎవరైనా ఇవ్వొచ్చు.

రోజూ బయట నిలబెట్టడం, నా ఉద్దేశంలో, సెక్షన్ 17 నిషేధించిన మానసిక వేధింపే. బాల న్యాయ చట్టం, 2015లో సెక్షన్ 75 కింద క్రిమినల్ కేసు దారి కూడా ఉంది. అయినా వెంటనే అటు వెళ్లమని చెప్పను. పిల్లాడు రేపు మళ్లీ ఆ గదిలోనే కూర్చోవాలి కదా.

హెడ్‌మాస్టర్‌కు ఉత్తరం రాయండి. వాడి కథంతా చెప్పనక్కర్లేదు. 'తల్లిని పోగొట్టుకున్నాడు, అరుపులకు భయపడతాడు' అంటే చాలు. అరవొద్దని, బయట నిలబెట్టొద్దని, భయమేసినప్పుడు వెళ్లి కూర్చోవడానికి వాడికి నచ్చిన ఒక టీచర్‌ని చూపించమని అడగండి. పిల్లల మానసిక వైద్యుడి చీటీ ఉంటే జతచేయండి. కొరకడం మొండితనం కాదు, భయం. టీచర్లకు అది అర్థమైతే సగం గొడవ ఉండదు. కాపీ మీద స్కూలు ముద్ర, తేదీ వేయించుకోండి.

వినకపోతే అదే కాపీతో మండల విద్యాశాఖాధికారికి ఫిర్యాదు ఇవ్వండి. మూడు నెలల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరక్కపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. ఇలా బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ బాలల పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేయండి. దారి తెలియకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.