జపాన్ తొలి క్యారియర్ టార్పెడో విమానాన్ని అంత తొందరగా ఎందుకు పక్కన పెట్టేశారు?

టార్పెడో (నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధం) తగిలించుకుని క్యారియర్ (విమానాలు ఎగిరి దిగే యుద్ధనౌక) డెక్ మీద నుంచి పనిచేయలేకపోయింది, అందుకే. 1922లో వచ్చిన ఈ మిత్సుబిషి 1ఎంటీని డిజైన్ చేసింది బ్రిటన్‌లో సాప్‌విత్ కంపెనీ నుంచి వచ్చిన హెర్బర్ట్ స్మిత్. ఒకదాని మీద ఒకటి మూడు రెక్కలు, 450 హార్స్‌పవర్ నేపియర్ లయన్ ఇంజిన్, సీటు మాత్రం ఒక్కటే, అంటే నడపడం, దారి చూసుకోవడం, గురి చూసి టార్పెడో వదలడం అన్నీ పైలట్ ఒక్కడే చూసుకోవాలి, పాపం.

మూడు రెక్కలుంటే ఇంకా ఈజీగా లేస్తుంది కదా అని చాలామంది అనుకుంటారు కానీ రెక్కలు, వాటి మధ్య కర్రలు, తీగలు పెరిగేకొద్దీ గాలి అంత వెనక్కి లాగుతుంది, పైగా విమానం బాగా ఎత్తుగా అయిపోయి డెక్ మీద హ్యాండిల్ చేయడం కష్టం. అప్పటి క్యారియర్ హోషో మొత్తం పొడవే 168 మీటర్లు, టార్పెడో బరువేమో వందల కిలోలు, ఇంకెక్కడ కుదురుతుంది! 20 దాకా కట్టి ఆపేశారు.

అదే స్మిత్ తర్వాత రెండు రెక్కలతో చేసిన బీ1ఎం 1924లో సర్వీసులోకి వచ్చి 400కి పైగా తయారైంది, 1932 షాంఘై పోరులో కూడా వాడారు. అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద పడ్డ 'కేట్' అనే జపాన్ టార్పెడో విమానం వీటన్నిటికీ చాలా తర్వాతది, జపాన్ మొదటి టార్పెడో విమానం అదే అనుకోవడం తప్పు.