పాఠం మధ్యలో ముంచుకొచ్చే నిద్ర

ప్రశ్న: నేను గుంటూరు జిల్లాలోని ఒక జడ్పీ హైస్కూలులో గణితం చెబుతాను. వయసు 52. వేసవి సెలవుల్లో మా అమ్మాయి పురిటికి డాలస్ వెళ్లి, ఆరు వారాలుండి జూన్ 10న ఇల్లు చేరాను. 12న బడి తెరిచారు. అప్పటినుంచీ మధ్యాహ్నం మూడయ్యేసరికి నల్లబల్ల ముందు నిలబడే కునికిపాట్లు పడుతున్నాను. మొన్న పదో తరగతిలో వర్గ సమీకరణం సగం రాసి ఆగిపోతే, తక్కింది పిల్లలే అందించారు. సాయంత్రం ఐదింటికి పడుకుని ఎనిమిదింటికి లేస్తాను. మళ్లీ రాత్రి రెండింటికే మెలకువ. పది రోజులైంది. ఇది వయసు తెచ్చిన బలహీనతా? నిద్రమాత్ర వేసుకోవచ్చా?

జవాబు: వయసు మీద నెపం వేయకండి. వేసవిలో డాలస్‌కూ మనకూ పదిన్నర గంటల తేడా. ఇక్కడ మీరు మూడింటికి సుద్దముక్క పట్టుకునే వేళకు అక్కడ తెల్లవారుజామున నాలుగున్నర, అంటే నిద్రను ఆపుకోవడం అన్నిటికన్నా కష్టమైన ఘడియ. మీరు రాత్రి రెండింటికి లేచి కూర్చునేసరికి అక్కడ పగలు మూడున్నర. విమానం మిమ్మల్ని ఒక్క రోజులో తెచ్చి దించినా, ఆరు వారాలుగా ఆ ఊరి వేళలకు అలవాటుపడిన ఒంటి గడియారం రోజుకు సుమారు గంట చొప్పునే వెనక్కి సర్దుకుంటుంది.

ఆ లెక్కన మీకు ఈపాటికే చాలావరకు కుదుటపడి ఉండాలి. ఆలస్యానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది: సాయంత్రం మీరు తీస్తున్న ఆ మూడు గంటల నిద్ర, రాత్రికి పట్టవలసిన నిద్రనే ముందుగా ఖర్చుపెట్టేస్తున్నది. దాన్ని మానండి. మరీ తూలిపోతుంటే భోజన విరామంలో, అలారం పెట్టుకుని, స్టాఫ్‌రూమ్ కుర్చీలోనే ఇరవై నిమిషాలు కన్ను మూయండి. గడియారాన్ని నడిపేది ప్రధానంగా వెలుతురే కనుక పగలు వీలైనంతసేపు ఆరుబయట ఉండండి. మబ్బు పట్టిన రోజున కూడా బయటి వెలుగు తరగతి గదిలోని ట్యూబ్‌లైటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు. రెండింటికి మెలకువ వస్తే లైటు వేయకండి, ఫోను తీయకండి. అక్కడ పగలే కదా, పసిబిడ్డను ఒక్కసారి వీడియో కాల్‌లో చూద్దామనిపిస్తుంది, నాకు తెలుసు! ఆ ముచ్చట ఉదయం ఏడింటికి పెట్టుకోండి. అప్పుడు వాళ్లకు రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది.

నిద్రమాత్ర సొంతంగా వేసుకోవద్దు. దాని మత్తు మర్నాడు తరగతిదాకా వెంట రావచ్చు. నిద్రవేళను సర్దే హార్మోను మాత్ర మెలటోనిన్ కూడా, ముఖ్యంగా బీపీకో షుగరుకో మందులు వాడుతుంటే, మీ డాక్టరునడిగాకే.

బడికి బండి మీద వెళ్తుంటే, నిద్ర కుదిరేదాకా బస్సులోనో తోటి టీచరు వెనకనో వెళ్లండి. పాఠంలో తూలితే పిల్లలు అందిస్తారు, రోడ్డు మీద ఎవరూ అందించరు. మీ హెచ్‌ఎంతో మాట్లాడి, రెండు వారాలపాటు చివరి పీరియడ్లను ఉదయానికి మార్పించుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

ఇంత దూరం కూర్చుని వచ్చారు కనుక మరొక్క మాట: ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పుడితే అది ప్రయాణ బడలిక అనుకోకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి, ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే నేరుగా అత్యవసర విభాగానికే వెళ్లాలి. మూడు వారాలు దాటినా నిద్ర కుదరకపోతే థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగరు పరీక్షలు చేయించుకోండి. మళ్లీ వెళ్లేటప్పుడు మాత్రం తిరుగు టికెట్టును బడి తెరిచే రోజుకు కనీసం వారం ముందుకు తీసుకోండి.