హిప్‌హాప్‌లో రాగం ఎక్కడుంది?

ప్రశ్న: మా తమ్ముడి కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రోజంతా హిప్‌హాప్ వింటాడు. నేను ఘంటసాల, సుశీల పాటలు వింటూ పెరిగినవాణ్ణి. గబగబా మాట్లాడటాన్ని సంగీతమని ఎలా అంటావురా అని అడిగితే, ‘మీ చెవికి అందటం లేదు పెదనాన్నా’ అంటాడు. నిజంగా హిప్‌హాప్‌లో శ్రావ్యత ఉందా? మా ఇద్దరిలో ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీరు చెప్పినదానిలో సగం నిజముంది. హిప్‌హాప్‌లో దరువు మీద ప్రాసల మాటలు చెప్పేవాణ్ణి ర్యాపర్ అంటారు. అతని గొంతు సాధారణంగా స్వరాల వెంట ఎక్కి దిగదు. మాట్లాడేటప్పుడు ఉండే హెచ్చుతగ్గుల్లోనే తిరుగుతూ, ఏ అక్షరాన్ని తాళంలో ఏ చోట వేయాలన్నదానిలోనే తన నేర్పంతా చూపుతుంది. దీనికి కారణం ఆ సంగీతం పుట్టిన తీరులోనే ఉంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరం బ్రాంక్స్ ప్రాంతంలోని ఒక అపార్ట్‌మెంటు భవనంలో డీజే కూల్ హెర్క్, అతని చెల్లెలు సిండీ ఏర్పాటు చేసిన పార్టీని హిప్‌హాప్‌కు ఆరంభంగా చెప్పుకుంటారు. పాటలో గాత్రం ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మోగే ఆ కొద్ది క్షణాలకే నాట్యం చేసేవాళ్లు ఎక్కువగా ఉర్రూతలూగుతున్నారని హెర్క్ కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు టర్న్‌టేబుళ్ల (రికార్డు తిప్పే యంత్రాల) మీద పెట్టి, ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండోదానిలో అదే ముక్కను అందుకుని, ఈలోగా మొదటిదాన్ని వెనక్కి తిప్పుకుంటూ, ఆ దరువును నిమిషాల తరబడి సాగదీశాడు. అంటే, పాడని చోటునే ఏరి తెచ్చి దాని మీద ఈ కళను నిలబెట్టారన్నమాట.

అందువల్ల ర్యాపర్‌ను ఘంటసాలతో పోల్చడం కంటే మృదంగ విద్వాంసుడితో పోల్చడం న్యాయం. కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం సాగుతుండగా అది ఏ రాగమని ఎవరూ అడగరు కదా! రాకిమ్ అనే ర్యాపర్ చిన్నతనంలో సాక్సోఫోన్ వాయించినవాడు, జాజ్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ ప్రభావం తన మీద ఉందని చెప్పుకున్నవాడు. ఎరిక్ బి.తో కలిసి 1987లో అతడు తెచ్చిన ‘పెయిడ్ ఇన్ ఫుల్’ ఆల్బమ్ వింటే, వాక్యం పాదం చివర ఆగకుండా తరువాతి పాదంలోకి జారిపోవడం, అంత్యప్రాస కోసం ఎదురుచూసే చెవిని ఏమరుస్తూ ప్రాస నడుమనే రెండు మూడుచోట్ల పడటం తెలుస్తుంది.

ఇక మీ మాటలో ఒప్పుకోలేని సగం. హిప్‌హాప్‌లో రాగం చాలాసార్లు గొంతులో కాక వెనుక వాద్యంలో, లేదా పాత రికార్డు నుంచి తీసుకున్న ముక్కలో ఉంటుంది. 1995లో ర్యాపర్ కూలియో పేరు మోగించిన ‘గ్యాంగ్‌స్టాస్ ప్యారడైజ్’కు ఆధారం 1976 నాటి స్టీవీ వండర్ బాణీ, పల్లవి పాడినది వేరే గాయకుడు, కూలియో చేసింది చరణాలు చెప్పడమే. లారిన్ హిల్ అయితే 1998 నాటి ఆల్బమ్‌లో తానే పాడి, తానే ర్యాప్ చెప్పింది. 2008లో ర్యాపర్ కాన్యే వెస్ట్ ఆటోట్యూన్ (గొంతును శ్రుతికి సరిచేసే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని దాదాపు ఆల్బమ్ మొత్తం పాడాడు. ఆ యంత్రపు గొంతు నాకు రుచించదు గానీ, తరువాత వచ్చిన ర్యాపర్లలో చాలామంది ఆ దారినే పట్టారు.

రుచి సంగతికి వస్తే, పల్లవి ఎప్పుడు తిరిగి వస్తుందా అని చూసే చెవి మీది, దరువు ఎక్కడ విరుగుతుందా అని చూసే చెవి మీ అబ్బాయిది. పైగా అమెరికా వీధుల ఇంగ్లిషు అంత వేగంగా వచ్చిపడుతుంటే మాట అర్థంకాక, మాటే ప్రాణమైన ఈ కళలో మీకు దక్కవలసిన ఆనందం సగానికి సగం పోతోంది. అర్థమైన తరువాత కూడా నచ్చకపోతే నచ్చలేదని నిస్సంకోచంగా చెప్పండి. అది చెవికి అందకపోవడం కాదు. ఆ మాట అనడం మీ అబ్బాయి తొందరపాటు.

ఇద్దరూ కలిసి వినదగిన పాట ఒకటుంది. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాడిన ‘అడిక్టివ్’లో, 1981 నాటి హిందీ చిత్రం ‘జ్యోతి’ కోసం బప్పీ లహిరి బాణీలో లతా మంగేష్కర్ పాడిన పాట ముక్కను వాడుకున్నారు. అనుమతి లేకుండా వాడారంటూ వ్యవహారం కోర్టుకు కూడా ఎక్కింది. అందులో ర్యాప్ చెప్పినది పైన చెప్పిన రాకిమే. ఆ పాట పెట్టించుకుని, లత గొంతులో సంగతులు ఎక్కడ పడ్డాయో మీరు అతనికి చూపించండి; రాకిమ్ ప్రాసలు ఎక్కడ పడ్డాయో మీకు చూపించమని అతణ్ణి అడగండి.