గాజులు తాకట్టుకెళ్ళింది మీ దుబారా వల్ల కాదు

ప్రశ్న: మేం తెనాలిలో ఉంటాం. అత్తగారు, మామగారు, మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు, మరిది, తోడికోడలు, వాళ్ళ రెండేళ్ళ పాప, మొత్తం తొమ్మిది మందిమి. ఇల్లు సొంతం. మావారు నెలకు 30 వేలు, మరిది 15 వేలు నా చేతికిస్తారు. మామగారి పొలం కౌలు 60 వేలు ఏడాదికోసారి సంక్రాంతి ముందు వస్తుంది. పాలు, కూరగాయలు, సరుకులు, గ్యాస్, కరెంటు, మందులు అన్నీ కలిపి నెలకు 37 వేల దాకా అవుతుంది. నెల బాగానే గడుస్తుంది. ఫీజులు, పండగలు, పెళ్ళిళ్ళు వచ్చేసరికి మాత్రం చేతిలో ఏమీ ఉండదు. పద్నాలుగు నెలల క్రితం తెలిసినావిడ దగ్గర మూడు రూపాయల వడ్డీకి 40 వేలు తెచ్చాను. ఆ వడ్డీ కూడా ఈ 37 వేలలోనే కడుతున్నాను. ఈ జూన్‌లో గాజులు బ్యాంకులో పెట్టి 30 వేలు తీసుకున్నాను. పిల్లల పేర వేయమని మా అమ్మ ఇచ్చిన 15 వేలూ ఈ మధ్యలోనే వాడేశాను. ఇవేవీ మావారికి తెలియవు. ‘నెలకు 45 వేలు ఇస్తుంటే ఏం చేస్తున్నావు’ అని ఇంట్లో అంటుంటే ఏడుపొస్తోంది. అత్తగారు మా వీధిలో ఒకావిడ నడిపే లక్ష రూపాయల చీటీలో చేరమంటున్నారు. తోడికోడలేమో ‘మీ పిల్లల ఫీజులు ఉమ్మడి డబ్బులోంచి ఎందుకు కట్టాలి’ అంటోంది. నాకు ఇల్లు నడపడం చేతకాదేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ చివరి మాటకే జవాబు చెబుతాను. మీకు ఇల్లు నడపడం బాగా వచ్చు. తొమ్మిది మంది ఉన్న ఇంటిని 37 వేలలో, అందులోనూ 1,200 వడ్డీకి పోగా నడుపుతున్న మనిషిని చేతకానిది అని ఎవరూ అనలేరు. ఇది మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదు. ఉత్తరంతో పాటు మీకు గుర్తున్న ఏడాది ఖర్చులు రాసి పంపారు కదా, ఆ కాగితం ముందు పెట్టుకుని లెక్క వేశాకే అంటున్నాను.

మీరు రాసినవి ఇవి. పిల్లలిద్దరి ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు 74 వేలు. సంక్రాంతికి ఆడపడుచు, అల్లుడు, వాళ్ళ పిల్లల బట్టలు, పిండివంటలు, కానుక 30 వేలు. ఉగాది, వరలక్ష్మీ వ్రతం, దసరా, దీపావళి కలిపి 18 వేలు. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, వాటికి ప్రయాణాలు 20 వేలు. మామగారి తల్లి తద్దినానికి 6 వేలు. ఆవకాయ, కారం, చింతపండు, కందిపప్పు వంటి ఏడాది సరుకు 16 వేలు. ఇంటి పన్ను 7, బండ్లకు 9, మీవారి పాలసీకి 24, ఇంటి మరమ్మతులకు 12, కళ్ళద్దాలు, పళ్ళు, రక్త పరీక్షలకు 14 వేలు. మొత్తం 2 లక్షల 30 వేలు. కౌలు డబ్బు 60 వేలు తీసేస్తే లక్షా 70 వేలు. దాన్ని పన్నెండు నెలలకు పంచితే నెలకు 14 వేల పైన పడుతుంది.

ఇప్పుడు చూడండి. మీ చేతికొచ్చేది 45 వేలు. నెల ఖర్చు 37 పోగా మిగిలేది 8. కావలసింది 14. అంటే ప్రతి నెలా ఆరు వేలు తక్కువ పడుతున్నాయి. పద్నాలుగు నెలలకు అది 84 వేలు. మీరు తెచ్చిన అప్పు 40, గాజుల మీద 30, మీ అమ్మగారి డబ్బు 15, కలిపి 85 వేలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూసినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. ఇంటికి తక్కువ పడ్డ ప్రతి రూపాయీ మీరొక్కరే ఎక్కడినుంచో తెచ్చి పూడ్చారు. పైగా నిందా మీరే పడుతున్నారు.

ఇంట్లో వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనుకోవడం లేదు. జీతం నెలకొకసారి వస్తుంది కనుక లెక్క కూడా నెలకే వేస్తాం. ఇల్లు మాత్రం ఏడాది లెక్కన నడుస్తుంది. సెప్టెంబరులో డబ్బు మిగిలినట్టు కనిపిస్తే అది మిగులు కాదు, జూన్ ఫీజు. ఫలానా నెలలో చేతినిండా ఉంది కదా అని కొన్న చీర, మార్చిన ఫోను నిజానికి పిల్లల పుస్తకాల డబ్బుతో కొన్నవే. ఈ సంగతి మీ ఇంట్లో ఎవరికీ కనపడలేదు. కనపడేలా చేయడమే మీరిప్పుడు చేయాల్సిన పని.

దానికి ఒక పద్ధతి చెబుతాను. మన ఇళ్ళలో గోడ క్యాలెండరు మీదే పాలవాడి లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ రాసుకుంటాం. పోయినేటి క్యాలెండరు ఉంటే దించండి. ఒక్కో నెల కాగితం మీద ఆ నెలలో పాలూ కూరలూ కాకుండా ఏయే ఖర్చులు తగిలాయో రాయండి. ఫీజు రసీదులు, పాలసీ రసీదులు, బండి ఇన్సూరెన్సు కాగితం తీయండి, వాటి మీద తేదీలుంటాయి. పెళ్ళిళ్ళ ఖర్చు ఊహించడం కష్టమంటారు చాలామంది. అంత కష్టమేమీ కాదు. మాఘం, వైశాఖం, శ్రావణం నెలల్లోనే ఎక్కువగా వస్తాయి, ఆషాఢంలో రావు. ఎవరికి ఎంత చదివించాలో మీ పెళ్ళినాటి చదివింపుల పుస్తకంలోనే ఉంటుంది. వాళ్ళు మనకు పెట్టినదానికి కొంచెం కలిపి పెడతాం, అంతే కదా. ఈ ఏడాది మీ వాళ్ళలో పెళ్ళీడుకొచ్చిన పిల్లలు ఎంతమందో అత్తగారిని అడిగితే చటుక్కున చెప్పేస్తారు. తద్దినం తేదీ ఏటా మారుతుంది కానీ తిథి మారదు, కొత్త క్యాలెండరు కొనగానే దాని చుట్టూ గుండ్రం చుట్టేయొచ్చు. ఇంటి పన్ను ఏడాది మొత్తానిదీ ఏప్రిల్ నెలాఖరులోపు ఒకేసారి కడితే మున్సిపాలిటీలో 5 శాతం రాయితీ ఇస్తున్నారు. డబ్బు విడిగా పెట్టి ఉంటే అదీ కలిసొస్తుంది.

ఈ కాగితాలు ఇంటిల్లిపాదికీ చూపించే ముందు మరో పని ఉంది. అప్పు సంగతి మీవారికి చెప్పండి. ఇది మీకు కష్టమైన మాటేనని తెలుసు. మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు మూడే కదా అనిపిస్తుంది, ఏడాదికి అది నూటికి 36. ఇప్పటికి మీరు కట్టిన వడ్డీ 16,800. మీ ఇంటి ఏడాది ఆవకాయ, కారం, పప్పులకు అయ్యేదానికంటే ఎక్కువ. అసలు మాత్రం కదలలేదు. ఈ సంగతి మీ నోటితో తెలిస్తే అది కష్టం. వడ్డీ కోసం వచ్చిన ఆవిడ నోటితో తెలిస్తే అది అనుమానం అవుతుంది. పిల్లలు పడుకున్నాక కూర్చోబెట్టి, పైన నేను వేసిన లెక్క వరుసగా చూపించి, ఏ డబ్బు ఏ నెలలో దేనికి వాడారో చెప్పండి. ఆయన కోప్పడవచ్చు. ‘నాకెందుకు చెప్పలేదు’ అనడం కూడా న్యాయమే. దానికి ఎదురు మాట వద్దు. ‘చెప్పాల్సింది, భయమేసింది’ అనండి, అది నిజం కూడా. ఆ రాత్రే పరిష్కారం తేలాలని పట్టుబట్టకండి.

తర్వాత ఇద్దరూ కలిసి చేయాల్సింది ఆ 40 వేలను బ్యాంకుకు మార్చడం. బంగారం మీద బ్యాంకుల వడ్డీ నెల లెక్కన నూటికి రూపాయి లోపే పడుతుంది. మీ గాజులు ఇప్పటికే అక్కడ ఉన్నాయి. వాటి బరువుకు ఈనాటి ధరలో ఇంకా కొంత ఇస్తారేమో అడగండి, చాలకపోతే మరో చిన్న నగ. బంగారాన్ని మళ్ళీ పెట్టమంటున్నందుకు నాకూ బాధగానే ఉంది. కానీ నెలకు 1,200 పోయేచోట మూడు, నాలుగు వందలతో సరిపోతుంది. అక్కడి గడువు తేదీ కూడా క్యాలెండరు మీద రాయండి, అది దాటితే వేలం నోటీసు వస్తుంది. గాజులు ఇంటికి రావడానికి రెండేళ్ళు పట్టవచ్చు. ఈ సంక్రాంతికి వచ్చే కౌలులోంచి 20 వేలైనా అసలుకు కట్టగలిగితే ఆ 40 వేలలో సగం దిగుతుంది.

ఇక మీ తోడికోడలి మాట. అది మీకు గుచ్చుకుంది, కానీ అందులో న్యాయం ఉంది. ఏ పిల్లల చదువు ఆ తల్లిదండ్రులది. ఉమ్మడి డబ్బులో అందరూ తినేది, అందరూ చేసేది మాత్రమే ఉండాలి. ఫీజులు 74, మీవారి పాలసీ 24, ఈ 98 వేలూ మీ దంపతులవి. నెలకు ఎనిమిది వేల పైచిలుకు. మీవారిచ్చే 30 వేలలోంచి ఇది ముందే తీసేయండి. అప్పుడు ఉమ్మడికి ఆయన వంతు 22, మరిది వంతు 15 అవుతాయి. మిగిలిన ఏడాది ఖర్చుల్లో కౌలు పోగా 72 వేలు, అంటే నెలకు ఆరు వేలు ఉమ్మడి నుంచి పక్కన పెట్టాలి. ‘నువ్వన్నదే సరి, ఇకమీదట ఫీజులు విడిగా కట్టుకుంటాం’ అని మీరే ముందు అనండి. తోడికోడళ్ళ మధ్య బిగిసిన ముడి చాలావరకు ఆ ఒక్క మాటతో వదులవుతుంది. రేపు వాళ్ళ పాప బడికి వెళ్ళినప్పుడూ ఇదే పద్ధతి.

ఆ మాట అన్నాకే నెలనెలా పడే ఆ ఆరు వేల లోటు సంగతి ఎత్తండి. అన్నదమ్ముల జీతం ఎంతో మీరు రాయలేదు. చెరో రెండు వేలు పెంచగలరా అని అడగండి, అదీ మీరు కాదు, మీవారు అడగాలి. అందులో నాలుగు వేలు, తగ్గిన వడ్డీలో ఎనిమిది వందలు పూడితే మిగిలేది వెయ్యీ పన్నెండు వందలు. అది నెల ఖర్చులో సర్దుకోగలిగిందే. పిల్లల పాలలో, అత్తమామల మందుల్లో మాత్రం కోత పెట్టకండి.

పక్కన పెట్టిన డబ్బు ఎక్కడ ఉండాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలామంది తప్పేది అక్కడే. మీ ఫోన్‌పేకి కలిపిన ఖాతాలో ఉంటే కూరగాయల బండి దగ్గరే కరిగిపోతుంది. ఫోనుకు కలపని వేరే పొదుపు ఖాతా ఒకటి తెరవండి, మీ పేర, మీవారి పేర కలిపి. జీతం వచ్చిన రోజే దానిలోకి వెళ్ళాలి, నెలాఖరున మిగిలితే వేద్దామంటే ఎప్పటికీ మిగలదు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్, అదే నెలనెలా కొంత కట్టే ఆర్డీ, మంచిదే, కానీ అది అయిదేళ్ళది, మూడేళ్ళు నిండకముందు మూసేయడం కుదరదు. ఫీజులకు పనికిరాదు. వచ్చే జూన్ ఫీజు కట్టిన వారంలోనే బ్యాంకులో ఏడాది ఆర్డీ మొదలుపెట్టండి, మరుసటి జూన్‌కు అది చేతికొస్తుంది.

చీటీ మాత్రం వద్దు. రిజిస్టరైన చీటీలకు 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం ఉంది. నడిపేవాళ్ళు చీటీ మొత్తానికి సమానమైన హామీ రిజిస్ట్రారు దగ్గర పెట్టాలి, కమిషను 7 శాతం దాటకూడదు. వీధిలో నమ్మకం మీద నడిచేదానికి ఇవేవీ ఉండవు. ఆవిడ మంచి మనిషే అయినా, పాడుకున్నవాళ్ళు ఇద్దరు ఎగ్గొడితే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? పైగా జూన్‌లో అందరికీ ఫీజుల అవసరమే, అందరూ పాటకు దిగుతారు, మీరు ఎక్కువ తగ్గించి పాడుకోవాల్సి వస్తుంది. అత్తగారికి ఇలాగే చెప్పండి, ఆవిడ సలహాను తీసిపారేసినట్టు ఉండదు.

ఆస్పత్రి ఖర్చును ఈ లెక్కలో కలపలేదు, కలపకూడదు కూడా. మామగారికి 70 నిండితే, ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. ఆధార్‌తో నమోదు చేయించండి. అన్నదమ్ములిద్దరికీ బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 50 లోపు వయసుంటే 436 రూపాయల జీవిత బీమా ఉన్నాయో లేదో చూడండి.

చివరగా సంక్రాంతి గురించి. ఇప్పుడు మొదలుపెడితే పండక్కి ఆరు నెలలు కూడా లేవు, కౌలులో కొంత అప్పుకు పోతుంది, కనుక ఈసారి 30 వేలు కష్టం. అయినా ఆడపడుచు పండగ తగ్గిద్దామని మీ నోటితో అనకండి, అది ఎంత న్యాయమైనా తప్పుగానే వినపడుతుంది. పండగకని పక్కన పెట్టిన డబ్బు, ఉన్నది ఎంతైతే అంత, కవరులో పెట్టి అత్తగారి చేతికివ్వండి. ‘ఈ ఏడాది ఇంత ఉందత్తయ్యా, వదినకీ అన్నయ్యగారికీ ఏం తీసుకోవాలో మీరే చూడండి’ అనండి. కూతురికి ఏ చీరైతే నచ్చుతుందో, ఎక్కడ బేరమాడాలో ఆవిడకు మీకంటే బాగా తెలుసు. లెక్క కాగితాలు కూడా ఆ రోజే ఆవిడకు చూపించండి.